సముద్రం లేని ఊళ్ళో లంగరు బొమ్మలు

మాది డోర్నకల్. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మహబూబాబాద్ జిల్లా. సికింద్రాబాద్ - విజయవాడ రైళ్ళలో తిరిగేవాళ్ళందరికీ మా ఊరు తెలుసు, కనీసం ప్లాట్‌ఫారం వరకైనా. కొత్తగూడెం బొగ్గు గనుల వైపు లైను చీలేది ఇక్కడే. బిషప్ అజరయ్య గారి కాలంలో కట్టిన పెద్ద చర్చి ఉంది. 1939లో ప్రారంభమైంది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తాయి. ఇన్ని ఉన్నాయి గానీ సముద్రం మాత్రం లేదు. మేం తినేవి కూడా చెరువు చేపలే.

అలాంటి ఊరివాణ్ణి, వారానికి అయిదు రోజులు జావా కోడు రాసుకుని బతికేవాణ్ణి, శని ఆదివారాల్లో కూర్చుని నౌకాదళం యూనిఫారాల మీది గుర్తులు చేత్తో గీస్తుంటాను. చేతి అంచున ఉండే బంగారు జరీ పట్టీలు, భుజం పట్టీలు, లంగర్లు, టోపీ బ్యాడ్జీలు. ఇవి సేకరించే అలవాటున్నవాళ్ళు దేశంలోనూ, బయటా చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం గీస్తాను. మా అమ్మ ఒకసారి పక్కింటావిడతో "మావాడు కలెక్టర్లకు బొమ్మలు గీసిస్తడు" అని చెప్పింది. ఆవిడ మర్నాడే పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని వచ్చింది, కలెక్టరుగారికి ఒక మాట చెప్పి పెట్టమని. అప్పట్నుంచి మా ఇంట్లో "సేకరించేవాళ్ళు" అనే అంటున్నాం :-)

"ఈ పని దేనికిరా, ఒక్కో బొమ్మకి వచ్చేది నీ ఒకరోజు జీతం కూడా కాదు కదా" అని ఆఫీసులో అడుగుతుంటారు. నిజమే, రాదు. పైగా ఈ రోజుల్లో ఏఐకి ఒక వాక్యం రాసిస్తే పది సెకన్లలో పది బొమ్మలు ఇస్తుంది. అయినా చేత్తోనే ఎందుకు గీయాలి? ఈ మధ్య ఒక సంఘటన జరిగాక దీనికి సరైన జవాబు దొరికిందనిపించింది. అది తర్వాత చెబుతాను. ముందు పనేమిటో చెప్పాలి.

మినీ డ్రాఫ్టర్‌కి దొరికిన పని

ఇంజనీరింగ్ ఫస్టియర్లో మనందరం మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని కాలేజీకి పోయినవాళ్ళమే. ఎన్.డి.భట్ పుస్తకం చూసి ఐసోమెట్రిక్ వ్యూలు గీశాం, సున్నాలూ తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఆ డ్రాఫ్టర్ ఏ అటక మీద ఉందో చాలామందికి గుర్తుండదు. 2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే నేనూ లాప్‌టాప్ సంచీలో వేసుకుని ఇంటికొచ్చి పడ్డాను. అటక సర్దుతుంటే డ్రాఫ్టర్ దొరికింది. అదే సమయంలో, పాత బ్యాడ్జీలు సేకరించే ఒక పెద్దాయన తన దగ్గరున్న వాటికి కొలతలతో బొమ్మలు గీసేవాళ్ళ కోసం వెతుకుతున్నారని ఒక స్నేహితుడి ద్వారా తెలిసింది. అలా మొదలైంది.

ఫొటో తీసుకుంటే పోదా అంటారేమో. ఫొటో ఒక్క బ్యాడ్జీని చూపిస్తుంది. దాని మీది మరకతో, ఊడిన దారంతో, ఆ రోజు పడిన వెలుతురుతో సహా. బొమ్మ గీయాలంటే అసలది ఎలా ఉండాలో తెలియాలి. మన భాషలో చెప్పాలంటే ఫొటో ఒక ఆబ్జెక్టు, బొమ్మ క్లాసు. సేకరించేవాళ్ళకి కావలసింది రెండోది. చేతిలో ఉన్న బ్యాడ్జీని పక్కన పెట్టి సరిపోల్చుకోవడానికి.

పని ఇలా ఉంటుంది. ముందు బ్యాడ్జీ ముందువైపు, వెనకవైపు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి తీసినవి తెప్పించుకుంటాను. వెనకవైపు చాలా ముఖ్యం, దారం ఎలా ముడివేశారో అక్కడే తెలుస్తుంది. తర్వాత ఆ కాలపు యూనిఫారం నిబంధనలు చదవాలి. ఉదాహరణకి బ్రిటిష్ రాయల్ నేవీ ఆఫీసర్ల చేతి పట్టీ మామూలుది అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు, అంటే సుమారు 14 మిల్లీమీటర్లు. సన్నది పావు అంగుళం. అడ్మిరళ్ళ వెడల్పు పట్టీ ఒకటీ ముప్పావు అంగుళం. మన నేవీ లెక్క కూడా ఆ సంప్రదాయంలోంచి వచ్చిందే. ఒక పట్టీ సబ్ లెఫ్టినెంట్, రెండు లెఫ్టినెంట్, రెంటి మధ్య సన్నది చేరితే లెఫ్టినెంట్ కమాండర్, మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. అన్నిటికన్నా పై పట్టీకి మాత్రం ఒక మెలిక ఉంటుంది, గుండ్రంగా తిరిగి మళ్ళీ తన దారిన తాను పోతుంది.

ఆ మెలిక దగ్గరే ప్రాణం పోతుంది. పట్టీ తన మీదుగా తాను దాటేచోట ఏది పైన, ఏది కింద? జరీ నేత ఎటు తిరుగుతుంది? కంపాస్‌తో గీస్తే మరీ యంత్రంలా ఉంటుంది, వట్టి చేత్తో గీస్తే వంకర పోతుంది. రెండూ కలపాలి. బంగారు రంగుకి బంగారు ఇంకు వాడకూడదు, స్కాన్ చేస్తే మురికి గోధుమరంగులోకి పోతుంది. పసుపు, గోధుమ, తెలుపు నీటిరంగులతోనే మెరుపు తెప్పించాలి. ఒక్క చేతి అంచు బొమ్మకి నాకు రెండు శనివారాలు పడుతుంది.

ఏఐతో కూడా చేయించి చూశాను, లేదని కాదు. మూడు పట్టీలు అడిగితే మూడింటికీ మెలికలు పెట్టింది. ఇంకోసారి కిరీటం మీద సింహాలు కూర్చోబెట్టింది. చూడ్డానికి మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఏ దేశంలోనూ, ఏ సంవత్సరంలోనూ, ఏ మనిషీ వేసుకోని గుర్తులు అవి. వేల బొమ్మలు కలిపి సగటు తీస్తే వచ్చేది అదే. యూనిఫారానికి సగటు ఉండదు. ఫలానా మనిషి, ఫలానా రోజున, ఫలానా హోదాలో వేసుకున్నది ఒక్కటే ఉంటుంది.

ఛేంజ్‌లాగ్ లేని వెర్షన్లు

ఈ పనిలో నాకు బాగా నచ్చినది తారీకులు. ప్రతి గుర్తుకీ మొదలైన రోజు, ఆగిపోయిన రోజు ఉంటాయి.

మన నేవీ సంగతే చూడండి. రాయల్ ఇండియన్ మెరీన్ అనే దళం 1934 అక్టోబర్ 2న రాయల్ ఇండియన్ నేవీ అయింది. 1950 జనవరి 26న "రాయల్" పోయింది, గుర్తుల మీది కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. ఎవరైనా మీకు "రాయల్ ఇండియన్ నేవీ" బ్యాడ్జీ అమ్మజూపితే, దాని మీది కిరీటం పైభాగం మధ్యలో లోపలికి నొక్కుకుని ఉంటే కొంటారా?

కొనకండి. కిరీటాల్లో రెండు రకాలున్నాయి. రాజుల కాలంలో వాడింది పైకి గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మధ్యలో నొక్కుకున్నది ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చింది. ఆవిడ గద్దెనెక్కింది 1952 ఫిబ్రవరిలో. అప్పటికి మన దగ్గర కిరీటమే లేదు. అంటే అలాంటి బ్యాడ్జీ తయారు కావడానికి వీలే లేదు, తర్వాత ఎవరో కుట్టించిన నకిలీ. ఒక్క వంపు చూసి చెప్పేయొచ్చు. ఆ వంపు గీసినవాడికైతే జన్మలో మర్చిపోయే ప్రసక్తే లేదు.

జెండాదీ అదే కథ. 1950 నుంచి 2001 వరకు ఎర్ర శిలువ, మూలన మన మువ్వన్నెలు. 2001లో శిలువ తీసేసి నీలం రంగు నేవీ ముద్ర పెట్టారు. 2004లో శిలువ మళ్ళీ వచ్చింది, మధ్యలో సింహాలతో. ఎందుకయ్యా అంటే ఆ నీలం ముద్ర ఆకాశంలో, సముద్రంలో కలిసిపోయి దూరానికి కనపడటంలేదని చెప్పారు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక దొరికే బగ్గులు అందరికీ ఉంటాయన్నమాట. 2014లో సింహాల కింద "సత్యమేవ జయతే" చేరింది. 2022 సెప్టెంబర్ 2న విక్రాంత్ నౌకను దళంలోకి తీసుకున్న రోజున శిలువ పూర్తిగా పోయి, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో అష్టకోణం వచ్చింది. 2023 డిసెంబర్‌లో అడ్మిరళ్ళ భుజం పట్టీలు కూడా మారాయి. బంగారు నేవీ గుండీ, అష్టకోణం, కత్తి, దుర్భిణి వచ్చి చేరాయి. ర్యాంకుల పేర్లు కూడా భారతీయ సంప్రదాయానికి తగ్గట్టు మారుస్తామని అదే నెల 4న సింధుదుర్గ్‌లో ప్రధాని ప్రకటించారు.

మార్చడం మంచిదా కాదా అనే వాదనలోకి నేను పోను, ఆ గొడవకి టీవీలు ఉన్నాయి. నా బాధ వేరే. పాతది మారిన మరుక్షణం దాన్ని సరిగ్గా గుర్తుపెట్టుకునే పని ఎవరిదీ కాకుండా పోతుంది. 1971 యుద్ధం మీద తీసిన వీడియోలో 2022 జెండా ఎగురుతుంటుంది. చూసేవాళ్ళు దేశభక్తితో షేర్ చేస్తుంటారు. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళు ఆ జెండా చూడనేలేదు.

మన ఇంజనీర్ల ఊదారంగు

ఇంజనీర్లు చదివే టపా కాబట్టి ఇదొకటి చెప్పకపోతే పాపం తగులుతుంది. వ్యాపార నౌకల్లో ఇంజనీర్ల పట్టీల మధ్య ఊదారంగు గుడ్డ ఉంటుంది. ఎందుకని ఏ మెరైన్ ఇంజనీరునైనా అడగండి, కథ చెబుతారు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు ఇంజనీర్లందరూ ఆఖరు వరకు దీపాలు ఆరిపోకుండా చూస్తూ ప్రాణాలు వదిలారు, వాళ్ళ గౌరవార్థం జార్జి రాజుగారు రాజవంశపు ఊదారంగు ఇచ్చారు అని.

ఇంజనీర్లలో ఒక్కరూ బతికి బయటపడని మాట నిజం. రంగు కథ మాత్రం నిజం కాదు. రాయల్ నేవీ 1863లోనే శాఖలకి రంగులు పంచింది. డాక్టర్లకి ఎరుపు, ఖాతాలు చూసేవాళ్ళకి తెలుపు, ఇంజనీర్లకి ఊదా. టైటానిక్ అప్పటికి కాగితం మీద కూడా లేదు.

మెలిక సంగతి ఇంకా తమాషా. అది నెల్సన్‌కి గుర్తుగా పెట్టారని చాలామంది నమ్మకం. నెల్సన్ పోయింది 1805లో, మెలిక వచ్చింది 1856లో. అది కూడా ఓడ నడిపే ఆఫీసర్లకి మాత్రమే ఇచ్చారు. ఇంజనీర్లకి వట్టి గీతలే. వాళ్ళకి ఆ మెలిక 1915లో గానీ దక్కలేదు. ఆవిరి ఇంజన్లు వచ్చి నౌకని అసలు నడిపిస్తున్నది ఎవరో అందరికీ తెలిసిన తర్వాత కూడా, ఒక చిన్న సున్నా కోసం దాదాపు అరవయ్యేళ్ళు ఆగారు. అప్రైజల్ సరిగా రాలేదని ఏడ్చే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కథలో గౌరవం ఉంది కదా, ఉండనిస్తే ఏం పోయింది అనొచ్చు. పోయేది ఏమిటంటే, 1863 నుంచి 1912 వరకు ఆ రంగు వేసుకుని ఇంజను గదుల్లో మాడిపోయినవాళ్ళందరూ లెక్కలోంచి పోతారు.

ఒక గీత ఎక్కువ

మన వైపు మనిషి ఒకాయన గురించి చెప్పాలి. రాందాస్ కటారి. చెంగల్పట్టులో 1911లో పుట్టారు. బొంబాయిలో డఫరిన్ అనే శిక్షణ నౌక 1927లో మొదలైతే అందులో మొదటి బ్యాచ్. కలకత్తా పోర్టులో ఉద్యోగం చేసి, రెండో ప్రపంచ యుద్ధం రాగానే రిజర్వు ద్వారా నేవీలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చి దాదాపు పదకొండేళ్ళయినా మన నౌకాదళానికి బ్రిటిష్ వాళ్ళే అధిపతులుగా ఉన్నారు. ఆ వరస ఆగింది 1958 ఏప్రిల్ 22న. ఆ రోజు బాధ్యత తీసుకున్న మొదటి భారతీయుడు కటారి. రిటైరయ్యాక మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా చేశారంటే నమ్ముతారా? నౌకల నుంచి ఎర్రబస్సులకి! 1983లో సికింద్రాబాద్‌లోనే కన్నుమూశారు. ఇంత చేసిన మనిషి పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసో మీరే చెప్పాలి.

గీసేవాడికి ఆయన జీవితం ఒక పాఠ్యపుస్తకం. ఆ రోజుల్లో రిజర్వు ఆఫీసర్ల పట్టీలు తిన్నగా ఉండేవి కావు. వ్యాపార నౌకల్లోంచి వచ్చినవాళ్ళకి రెండు సన్నటి పట్టీలు జడలా అల్లుకుని ఉండేవి. మిగతా ఉద్యోగాల్లోంచి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళకి అలల్లా వంకీలు తిరిగి ఉండేవి. రెగ్యులర్ ఆఫీసర్లకి మాత్రమే తిన్నని గీత. అంటే చేతి అంచు చూడగానే నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావో తెలిసిపోయేది. పర్మనెంటా కాంట్రాక్టా అని మన ఆఫీసుల్లో మెడలో వేలాడే కార్డు తాడు రంగు చూసి చెప్పేస్తాం చూడండి, అలాగన్నమాట. రిజర్వు పట్టీలతో మొదలైన మనిషి తిన్నటి గీతల్లోకి, కిరీటం నుంచి సింహాల్లోకి, చివరికి దళాధిపతి దాకా వచ్చారు. ఒకే మనిషి, ఎన్ని చొక్కాలో!

ఇప్పుడు అసలు విషయం. కటారి దళాధిపతిగా ఉన్నప్పటి ర్యాంకు వైస్ అడ్మిరల్. అంటే ఒక వెడల్పు పట్టీ, దానిపైన రెండు మామూలువి. మన నేవీలో పూర్తి అడ్మిరల్ ర్యాంకు వచ్చింది 1968లో ఏ.కె.చటర్జీకి. అప్పటిదాకా ఆ మూడో పట్టీ ఎవరికీ లేదు. కానీ దళాధిపతి కదా అని చాలాచోట్ల కటారిని పూర్తి అడ్మిరల్ అనేస్తుంటారు. గౌరవంగానే అంటారు. ఒక గీత ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకుంటారు.

ఈ ప్రశ్నే పోయిన ఏడాది నా గుమ్మం దాకా వచ్చింది.

మా ఊరి దగ్గర్లోని ఒక పల్లె నుంచి నలభై అయిదేళ్ళ మనిషి ఒకాయన వచ్చాడు. వాళ్ళ నాన్న డెబ్బైల్లో నేవీలో సెయిలర్‌గా చేరాడు. విశాఖలో ట్రైనింగ్, పదిహేనేళ్ళ సర్వీసు, పింఛన్ తీసుకుని వచ్చి వ్యవసాయం. చనిపోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి ఫొటో ఫ్రేము కట్టిస్తున్నారు. యూనిఫారంలో ఉన్న ఫొటో ఒక్కటే ఉంది, అదీ తడిసి పాడైంది. ఫొటో కింద నాన్న గుర్తు పెద్దగా గీయించి పెడదామని ఆయన కోరిక.

ఫొటో చూశాను. ఎడమ చేతి మీద లంగరు ఒకటి, మోకు చుట్టుకున్నది. అంటే లీడింగ్ ర్యాంకు. కింద మూడు వి ఆకారపు గీతలు, సత్ప్రవర్తనకి ఇచ్చేవి. అంతకన్నా ఎక్కువ ఇవ్వరు.

"గీస్తా అన్నా, పైసలేం వద్దు" అన్నాను.

ఆయన కాసేపు ఆగి, "తమ్మీ, ఒక మాట. లంగర్లు రెండు అడ్డంగ పెట్టి మీద సింహాలు పెట్టరాదు? మా బాపు దోస్తుకు గట్లనే ఉండె. బాపుకు గూడ ప్రమోషన్ రావాల్సుండె, పైవాళ్ళు రానియ్యలె. ఇంగ పోయినంక ఇస్తే ఏమైతది? ఎవలు చూస్తరు?" అన్నాడు.

రెండు లంగర్లు అడ్డంగా, పైన సింహాలు అంటే పెట్టీ ఆఫీసర్. ఒక మెట్టు పైన.

నవ్వేసి పంపించే మాట కాదిది. ఆ గొంతులో తండ్రికి జరిగిన అన్యాయం ఉంది. పైగా చట్టం కూడా అడ్డు రాదు. సైనికుణ్ణని నమ్మించే ఉద్దేశంతో యూనిఫారం గానీ గుర్తు గానీ వేసుకుంటే నేరం, పాత ఐపీసీలో 140వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 168. ఇంట్లో గోడ మీది బొమ్మకి అది వర్తించదు. నాకు కావలసింది ఒక సాయంత్రం ఎక్కువ పని, అంతే. గీసిస్తే ఆయన సంతోషంగా పోతాడు, నాకేమీ నష్టం లేదు.

"అన్నా, రెండు లంగర్లు పెడితే అది వేరే మనిషి చెయ్యి అయితది. మీ నాన్న చెయ్యి కాదు" అన్నాను. కింద ఉన్న మూడు గీతలు చూపించాను. "ఇవి అడిగితే వచ్చేవి కావు. ఏండ్ల తరబడి రికార్డులో ఒక్క మచ్చ లేకుండ పనిచేస్తెనే వస్తయి. నేను కొత్తగ లంగరు పెడితే, చూసినోళ్ళు లంగరునే చూస్తరు, వీటిని చూడరు" అన్నాను.

ఆయనకి నచ్చలేదు. "మంచిది" అని లేచి వెళ్ళిపోయాడు. మీరైనా అలాగే వెళ్ళేవారు.

నేను మాత్రం గీశాను. తెల్ల చొక్కా మీద నీలం దారంతో కుట్టే రకం, అసలు కొలతకి రెండింతలు. లంగరు మీద మోకు ఎటు నుంచి ఎటు చుట్టుకుంటుందో ఫొటోలో సరిగా లేదు. అదే కాలపు బ్యాడ్జీ ఉన్న ఒక సేకర్తని అడిగి వెనకా ముందూ ఫొటోలు తెప్పించుకున్నాను. మూడు శనివారాలు పట్టింది. తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఆయన పొలానికి పోయాడు. వాళ్ళమ్మ ఉంది. డెబ్బై దాటిన మనిషి, చూపు కొంచెం తక్కువ. బొమ్మని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. లంగరు మీద వేలు పెట్టి మోకు వెంబడే జరుపుకుంటూ పోయింది.

"గిదే బిడ్డా. సెలవుల మీద వచ్చినప్పుడు కొత్త అంగీకి నేనే కుట్టిన గిది. తాడు గీడ కిందికెల్లి పోతది. రెండుమార్లు తప్పు కుడితే ఇప్పిచ్చిండు" అంది. నవ్వింది కూడా.

ఆ తాడు కింద నుంచి పోయే చోటు గీయడానికే నాకు ఒక పూట పట్టింది. ప్రపంచంలో దాన్ని సరిచూసి సంతకం పెట్టగల మనిషి ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది. రెండు లంగర్లు గీసి ఉంటే ఆవిడ వేలు ఎక్కడ పెట్టుకునేది? తన చేత్తో కుట్టినది తన ఇంటి గోడ మీద లేకుండా పోయేది. ఇప్పుడు ఆ బొమ్మ ఫ్రేములో ఉంది, ఒక లంగరుతోనే. కొడుకు ఫోన్ చేసి ఎక్కువేం మాట్లాడలేదు. "అమ్మ మంచిగున్నదన్నది" అన్నాడు, అంతే.

నా నియమాలు

ఈ పనిలో ఇంకో రకం అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఒక వ్యాపారి పాత రాయల్ ఇండియన్ నేవీ బ్యాడ్జీకి అసలు కొలతలో, దారం వరసలతో సహా నమూనా అడిగాడు. డబ్బు నేను మామూలుగా తీసుకునేదానికి పది రెట్లు. ఎందుకని అడిగితే "కుట్టించడానికి" అన్నాడు. జర్దోజీ పనివాళ్ళు ఎంత నైపుణ్యంగలవాళ్ళంటే, కాశీలో కుట్టిన బ్యాడ్జీలు ఈనాటికీ విదేశీ సైన్యాలకి వెళ్తాయి. వాళ్ళ పనిలో ఏ తప్పూ లేదు. కొత్తగా కుట్టినదాన్ని పాతదని అమ్మడంలోనే ఉంది తప్పంతా. "కొత్తది" అని వెనకాల కుట్టిస్తారా అని అడిగాను. మళ్ళీ ఫోన్ రాలేదు.

అందుకే ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాను. అసలు కొలతలో గీయను, ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో గీస్తాను. ప్రతి బొమ్మ కింద అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చెల్లిందో రాస్తాను. జరీ నేత గీతల మధ్యలో ఒకచోట, భూతద్దం పెడితే గానీ కనపడనంత చిన్నగా, "డోర్నకల్" అని తెలుగులో రాసి గీసిన సంవత్సరం వేస్తాను. దాన్ని చూసి నకిలీ కుట్టేవాడు ఆ అక్షరాలు కూడా కుట్టేస్తే అప్పుడు చూద్దాం. రాయల్ ఇండియన్ నేవీ వాళ్ళ చేతి మీద మా ఊరి పేరెందుకుందో వాడే చెప్పుకోవాలి :-)

నాలుగో నియమం ఆ పెద్దావిడ దగ్గర్నుంచి తెచ్చుకున్నది. ఎవరికీ ఒక గీత ఎక్కువ పెట్టను, తక్కువా పెట్టను. ఎంత గౌరవంతో అడిగినా సరే. పొడిగించిన ర్యాంకు ఆ మనిషికి ఇచ్చే బహుమతి అనుకుంటాం. నిజానికి "నువ్వు నువ్వుగా చాలలేదు" అని చెప్పడమే అది.

ఏఐ రేపు మెలికలు సరిగ్గా గీయడం నేర్చుకుంటుంది. నాకేం అనుమానం లేదు, ఆ పనే చేస్తున్న టీముల్లో మనవాళ్ళు ఎంతమంది లేరు! అప్పుడైనా దానికి ఫలానా మనిషి చేతి మీద ఏముండేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ సమాచారం ఏ సర్వర్లోనూ లేదు. మన ఇళ్ళలో, ట్రంకుపెట్టెల్లో, తడిసిన ఫొటోల్లో, కుట్టిన చేతుల్లో ఉంది.

విశాఖలో జలాంతర్గాములవాళ్ళ శిక్షణ కేంద్రం పేరు ఐఎన్ఎస్ శాతవాహన. అదే పేరున్న రైలు రోజూ మా ఊరి పట్టాల మీదుగా పోతుంది. సముద్రం దూరమే గానీ, సముద్రం మీదికి పోయి వచ్చినవాళ్ళు మన పల్లెల్లో అనుకున్నంత తక్కువ కాదు. నేవీ అనే కాదు, రైల్వే గార్డులు, పోలీసులు, సింగరేణి రెస్క్యూ వాళ్ళు, ఆర్టీసీ కండక్టర్లు, ఎవరైనా సరే. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో యూనిఫారం ఫొటో ఉంటే బయటికి తీయండి. మంచి వెలుతురులో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, చేతులు, భుజాలు దగ్గర్నుంచి విడిగా ఇంకో రెండు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అది ఏ ఊళ్ళో, ఏ ఏడు తీసిందో అడిగి ఫొటో వెనకాల పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో వద్దు, ఇంకు ముందువైపుకి దిగుతుంది.

అయిదు నిమిషాల పని. అడగడానికి మనిషి ఉన్నప్పుడే అవుతుంది.